కుంటితే నొప్పి ఉన్నట్టే

కుక్క కుంటుతోందని చెబితే మా అనంతపురంలో ఎవరైనా ఒకటే మాట అంటారు. "యాడో గోడ దూకింటాది, బెణికింటాది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటాది." ఈ మాట నేనూ అన్నాను. దాదాపు ఏడు వారాలు రోజూ అన్నాను. మా కుక్క కరియ ఎడమ ముందు కాలు పూర్తిగా ఆనించకుండా, ఆ కాలు నేలకు తగిలినప్పుడల్లా తల పైకి ఎగరేస్తూ నడుస్తుంటే చూసి, వీడికి వయసు పైబడుతోంది అని మా ఆయనతో అన్నాను. వాడు అరవలేదు. అన్నం మానలేదు. గేటు చప్పుడైతే లేచి వచ్చేవాడు. అరవలేదు కాబట్టి నొప్పి లేదనుకున్నాను.

ఆ లెక్క తప్పు. ఎంత తప్పో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కరియ మా అవ్వ తెచ్చిన పిల్ల. పావగడ దగ్గర బంధువుల ఊరికి పోయి, గొర్రెల మంద దగ్గర పుట్టిన పిల్లను చీర కొంగులో పెట్టుకుని బస్సెక్కింది. నల్లగా ఉన్నాడని ఆమే కన్నడంలో కరియ అని పిలిచింది. తల్లి మంద కుక్క, తండ్రి ఎవరిదో జర్మన్ షెపర్డ్ అయి ఉండాలి. పెరిగేసరికి 34 కిలోలయ్యాడు. బరువు గురించి ఎందుకు చెబుతున్నానంటే, వాడికి తర్వాత బయటపడిన ఎముక క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది ఇలాంటి పెద్ద ఒళ్ళున్న కుక్కలకే. చిన్న కుక్కలకు అరుదు. వచ్చే చోట్లు కూడా చాలావరకు తెలిసినవే. ముందు కాళ్ళలో అయితే భుజం దగ్గర, లేదంటే మణికట్టుకు కాస్త పైన. వెనక కాళ్ళలో అయితే మోకాలి చుట్టుపక్కల. ఏడెనిమిదేళ్ళ పెద్ద కుక్క కారణం లేకుండా రెండు వారాలు కుంటితే, ఆ చోట్లలో వాపు కనిపిస్తే, ఇంకేమీ ఆలోచించకుండా ఎక్స్‌రే తీయించాలి. ఈ ఒక్క మాట ఆ సెప్టెంబరులో నాకు ఎవరూ చెప్పలేదు.

మొదట ఊళ్ళోనే ఒక డాక్టరుకు చూపించాం. కాలు పట్టి చూసి బెణుకన్నాడు, మెలాక్సికామ్ అనే నొప్పి మాత్ర రాశాడు. మూడు రోజులు బాగా నడిచాడు. తగ్గింది చూశావా, బెణుకే అని మేమూ అనుకున్నాం. ఇక్కడే చాలామంది మోసపోతారు. నొప్పి మాత్రకు బెణుకు నొప్పి తగ్గుతుంది, క్యాన్సర్ నొప్పీ తగ్గుతుంది. తగ్గిందంటే నొప్పి ఉండిందని మాత్రమే అర్థం, జబ్బు ఏమిటో ఆ మాత్ర చెప్పదు. మాత్రలు అయిపోయాక కుంటు మళ్ళీ వచ్చింది. అప్పుడు నేను చేసిన పని ఒకటుంది, చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. మా ఆయన నడుము నొప్పికి వాడే డైక్లోఫెనాక్ మాత్రలో సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టాను. రెండో రోజుకే వాంతులు, మలం తారులా నల్లగా. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కుక్కల కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. దయచేసి పెట్టకండి.

ఎక్స్‌రే తీసేనాటికి మణికట్టు పైన నిమ్మకాయంత వాపు. ఫిల్మును వెలుగుకు పెట్టి డాక్టరు చాలాసేపు మాట్లాడలేదు. నాకు ఎక్స్‌రేలు చూడటం రాదు కానీ, కుడి కాలు ఎముక అంచులు గీత గీసినట్టుంటే, ఎడమ కాలు ఎముక చెదపట్టిన దూలంలా ఉంది. లోపల గుల్ల, బయటికి మసక మసకగా నూగు. "బెంగళూరు తీసుకుపోండి మేడమ్. అంతవరకూ వీణ్ణి దూకనివ్వకండి. ఆ ఎముక మామూలుగా నడిచేటప్పుడే విరిగిపోవచ్చు," అన్నాడు.

మా ఊరి నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్లకు పైనే. హైవే పట్టుకుని పోతే నగరం మొదలవుతుండగానే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ వస్తుంది. కడప వాళ్ళకు ప్రొద్దుటూరులో, తిరుపతిలో వెటర్నరీ కాలేజీలున్నాయి. కర్నూలు వాళ్ళు హైదరాబాదు పోతారు. దారులు వేరైనా అక్కడ చేసే పని ఒకటే. వాపులో సూది గుచ్చి కణాలు తీసి చూస్తారు. ఛాతీకి మూడు వైపుల నుంచి ఎక్స్‌రే తీస్తారు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎంతుందో చూస్తారు, అది ఎక్కువగా ఉంటే మంచి సూచన కాదు. కరియకు అది మామూలుగానే ఉంది, ఊపిరితిత్తులు శుభ్రంగా కనిపించాయి. కణాల్లో మాత్రం ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్, తేలింది.

ఆ డాక్టరమ్మ ఏదీ దాచలేదు, అందుకు ఆమెకు రుణపడి ఉంటాను. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా, ఈ జబ్బు బయటపడేనాటికే పదింటిలో తొమ్మిది కుక్కల్లో కంటికి కనపడని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయని చెప్పింది. కాలు తీసేసి ఊరుకుంటే సగం కుక్కలు 4, 5 నెలలు దాటవు. కాలు తీసి కీమో కూడా ఇస్తే ఆ లెక్క 10 నుంచి 12 నెలలు. అయిదింటిలో ఒకటి రెండేళ్ళు దాటుతుంది. మా ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "అయితే కాలు తీసినా బతకడు కదా మేడమ్?" అని అడిగాడు. ఆమె అన్నది: "బతికించడానికి కాదు సార్ కాలు తీసేది. నొప్పి ఉన్నది ఆ కాలులోనే. కాలు పోతే ఆ నొప్పి పోతుంది."

ఆ మాట అర్థం కావడానికి నాకు ఆ రాత్రంతా పట్టింది.

ఇంటికొచ్చి విషయం చెప్పగానే వచ్చిన మొదటి మాట "పాపం." రెండో మాట కూడా పాపమే. మూగజీవి, పాపం, దాని కాలు నరికిస్తారా అని ఒకరు. నోరులేనిదాన్ని అట్లా హింసిస్తే పాపం చుట్టుకుంటుందని ఇంకొకరు. మన భాషలో జాలికీ, దోషానికీ ఒకటే మాట ఉండటం నాకు ఆ వారంలోనే తట్టింది. కుక్క మీద పడేది మొదటి పాపం, నా మీద పడేది రెండోది. ఒక్కరు కూడా వాణ్ణి ఆ ఏడు వారాలు అట్లా నడిపించడం పాపమని అనలేదు. ఎముకను లోపలి నుంచి గుల్ల చేస్తున్న జబ్బుతో, ప్రతి అడుగుకూ తల ఎగరేస్తూ నీళ్ళ తొట్టి దాకా పోయి వచ్చే కుక్కను చూసి ఎవరికీ జాలి కలగలేదు, నాకూ కలగలేదు. కాలు లేకుండా పోతుందనేసరికి అందరికీ కలిగింది. మనకు జాలి పుట్టేది కళ్ళకు కనిపించే లోటును చూసి. కనిపించని నొప్పిని చూసి కాదు.

కుక్క నొప్పిని దాస్తుందని అంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. అది దాచదు, తనకు వచ్చిన పద్ధతిలో చెబుతూనే ఉంటుంది. బరువు మోపకుండా కాలెత్తడమే చెప్పడం. పడుకున్న చోటి నుంచి లేవడానికి ఆలోచించడం, మెట్టు దగ్గర ఆగిపోవడం, రాత్రిళ్ళు ఊరికే ఎగపోస్తూ ఉండటం, ఒకే చోట నాకుతూ ఉండటం, ఇవన్నీ చెప్పడమే. మనం అరుపు కోసం చూస్తూ కూర్చుంటాం.

మా నాయన అడిగింది డబ్బు గురించి. ఆయన అడగాల్సినవాడే. చెనిక్కాయ పంట పోయిన ఏళ్ళు ఆయనకు గుర్తున్నాయి. "ఆ దుడ్లకు రెండు గొర్రెలొస్తాయి కదమ్మా," అన్నాడు. నేను పోట్లాడలేదు. ఈ జిల్లాలో ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళకు ఈ జిల్లా తెలియదు. మా ఇద్దరికీ జీతాలున్నాయి కాబట్టి చేయించగలిగాం. అప్పు చేసి చేయించమని ఎవరికీ చెప్పను. కానీ ఆపరేషన్ చేయించలేనివాళ్ళు చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. కుక్కలకు పనికొచ్చే నొప్పి మందులున్నాయి, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ ఉంది, ఎముక అరుగుదలను ఆపే జోలెడ్రోనేట్ లాంటి ఇంజెక్షన్లున్నాయి. వాటితో కొన్ని వారాలో, ఒకటి రెండు నెలలో నెమ్మదిగా గడుస్తాయి. అవి చాలని రోజున డాక్టరును పిలిచి నిద్ర ఇంజెక్షన్ వేయించడం కూడా వైద్యమే. అది తప్పు కాదు. "ఏదో ఒకరోజు పోతాదిలే" అని కుంటుకుంటూ వదిలేయడమే తప్పు.

ఇంకొందరు అడిగింది, మూడు కాళ్ళతో ఎట్లా బతుకుతాడని. దీనికి జవాబు మన రోడ్ల మీదే ఉంది. హైవే పక్కన ఏ టీ అంగడి దగ్గరైనా లారీ కింద పడి కాలు పోయిన కుక్క ఒకటి కనిపిస్తుంది. దానికి ఆపరేషన్ ఎవరూ చేయలేదు, మందు ఎవరూ వేయలేదు. అయినా బన్ను కోసం మిగతా కుక్కలకంటే ముందు ఉరుకుతుంది. దాన్ని రోజూ చూస్తాం, మన ఇంటి కుక్క దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం. జైపూర్ కాలు పెట్టించొచ్చు కదా అని కూడా అడిగారు. ముందు కాలును భుజం ఎముకతో సహా తీసేస్తారు, కట్టుడు కాలు తగిలించడానికి మొండి మిగలదు. దాని అవసరమూ రాదు.

కాకపోతే కష్టమే ఉండదని చెబితే అబద్ధమవుతుంది. కుక్క బరువులో 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది. అందుకే వెనక కాలు పోయిన కుక్కకంటే ముందు కాలు పోయిన కుక్కకు మొదట్లో ఇబ్బంది ఎక్కువ. నవంబరులో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చిన రాత్రి నేను చేసిన పనికి నాకే భయమేసింది. ఎడమ పక్క మెడ నుంచి పొట్ట దాకా గొరిగేసిన చర్మం, దాని మీద మూరెడు కుట్టు, చుట్టూ నేరేడు పండు రంగులో కమిలిన రక్తం. ఆ కమిలింది మర్నాటికి పొట్ట కిందికి దిగింది. రాత్రి రెండింటికి సన్నగా ఒకటే మూలుగు. డాక్టరమ్మకు మెసేజ్ పెడితే అది కొంతవరకు మత్తు మందుల వల్ల, మొదటి మూడు రోజులు ఇంతే, మాత్రలు వేళ తప్పకుండా వేయండి అని జవాబు. అప్పుడప్పుడు నిద్రలో ఉలిక్కిపడి, లేని కాలు వైపు తల తిప్పి కెవ్వుమనేవాడు. తెగిన నరాలు లేని కాలు నొప్పిని పంపుతూనే ఉంటాయట. గాబాపెంటిన్ దానికే ఇచ్చారు. పది రోజులకు ఆ కేకలు ఆగాయి.

మా ఇంట్లో తాడిపత్రి బండలు. నున్నగా, అద్దంలా ఉంటాయి. నాలుగు కాళ్ళున్నప్పుడు ఎప్పుడూ గమనించలేదు, మూడు కాళ్ళ కుక్కకు అవి మంచుగడ్డలే. రెండో రోజు వాడు లేవబోయి, ఉన్న ఒక్క ముందు కాలూ జారి, గడ్డం ఠప్పున బండకు తగిలింది. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. మా ఆయన అప్పటికప్పుడు పోయి చెనిక్కాయల గోనె సంచులు తెచ్చి, కుట్లు విప్పి, హాలు నుంచి పెరటి గుమ్మం దాకా బాటలా పరిచాడు. అంచులకు ఇటుకలు పెట్టాడు. పాత పంచె నాలుగు మడతలు పెట్టి, ఛాతీ కింది నుంచి వేసి, కుట్టుకు తగలకుండా పైకి పట్టుకుని పెరట్లోకి నడిపించేవాళ్ళం. అన్నం గిన్నె నేల మీద పెడితే, వంగినప్పుడు బరువంతా ఒక్క కాలి మీద పడి ముందుకు తూలుతున్నాడని రెండు ఇటుకల మీదికి ఎత్తాం. అన్నంలో ఉల్లిపాయ, వెల్లుల్లి తగలని కోడి పులుసు, ఉడకబెట్టిన గుడ్డు. అయిదో రోజు గిన్నె నాకి శుభ్రం చేశాడు.

ఉచ్చ పోయడం వాడికి పెద్ద సమస్య అయింది. మగకుక్క కాలెత్తాలి. అలవాటుగా ఎడమ వెనక కాలు ఎత్తేవాడు, ఎత్తగానే ఆ పక్కకు ఒరిగిపోయేవాడు, ఎందుకంటే అటువైపు ఇక ఏమీ లేదు. రెండు మూడుసార్లు పడి, తర్వాత ఆడకుక్కలా కూర్చుని పోయడం మొదలుపెట్టాడు. పదహారో రోజు పొద్దున, కుట్లు తీసిన మర్నాడు, వేపచెట్టు దగ్గరికి ఒంటరిగా పోయాడు. నేను పంచె పట్టుకుని వెనక నిలబడ్డాను. చెట్టును వాసన చూశాడు. ఒకసారి చుట్టూ తిరిగి, ఎప్పుడూ నిలబడే పక్క కాకుండా రెండో పక్కకు వచ్చి నిలబడ్డాడు. కుడి వెనక కాలు మెల్లగా ఎత్తాడు. కుడి ముందు కాలు, ఎడమ వెనక కాలు, ఆ రెండింటి మీద వంకరగా, వణుకుతూ నిలిచాడు. పడలేదు. దించి మళ్ళీ ఎత్తాడు. నేను పంచె కింద పడేసి ఏడ్చాను. వాడికి ఎవరూ చెప్పలేదు, ఏ వైపు కాలెత్తితే తూకం నిలుస్తుందో వాడే కనుక్కున్నాడు.

నెల తిరిగేసరికి గేటు చప్పుడైతే మళ్ళీ ముందు వాడే. తల ఎగరేయడం మాత్రం పోయింది. మూడు కాళ్ళ మీద ఎగిరి ఎగిరి నడిచేవాడు కానీ, అది కుంటడం కాదు. ఈ తేడా కళ్ళారా చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ తర్వాత మాకు అసలు పోరాటం బిస్కెట్లతో. వచ్చినవాళ్ళంతా అయ్యో పాపం అంటూ తలా రెండు పెట్టేవాళ్ళు. మూడు కాళ్ళ కుక్క ఒక కిలో పెరిగినా మిగిలిన కీళ్ళ మీద భారమే. గేటుకు కాగితం అంటించాను, ఏమీ పెట్టవద్దని. మా చిన్నత్త దానికి నొచ్చుకుని నెలరోజులు రాలేదు.

మా పిల్లోడు ఒకరోజు ఈ జబ్బు మనుషులకు కూడా వస్తుందా అని అడిగాడు. వస్తుంది, ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకే వస్తుంది, కుక్కల్లో వచ్చేదీ మనుషుల్లో వచ్చేదీ చాలా దగ్గర. వాడికి టెర్రీ ఫాక్స్ గురించి చెప్పాను. కెనడా కుర్రాడు, 1977లో ఇదే క్యాన్సర్‌కు కుడి కాలు మోకాలి పైకి తీసేశారు. 1980లో కట్టుడు కాలుతో క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేస్తూ 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఊపిరితిత్తులకు పాకాక ఆపాల్సి వచ్చింది. మరుసటి ఏడు 22 ఏళ్ళకు పోయాడు. మా వాడు విని కాసేపు ఊరుకుని, "మరి కరియకు ఊపిరితిత్తుల్లోకి వస్తే?" అన్నాడు. వస్తుంది నాయనా అన్నాను. పిల్లలతో దీన్ని దాచకూడదని నా అభిప్రాయం.

కీమో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేను తీసుకున్న నిర్ణయానికి తిట్టినవాళ్ళే ఎక్కువ. కార్బోప్లాటిన్ అనే కీమో మందు మూడు వారాలకోసారి, నాలుగు డోసులు అన్నారు. మొదటిది బాగానే గడిచింది, నాలుగో రోజు రెండు వాంతులు, అంతే. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు వాడి ఉచ్చను గ్లౌజులు వేసుకుని కడిగాం, పిల్లోణ్ణి అటు పోనివ్వలేదు. రెండోదానికి తెల్ల కణాలు పడిపోయి, పదో రోజు జ్వరమొచ్చింది. ఊళ్ళోనే రెండు రోజులు సెలైన్. దానికంటే నాకు బాధేసింది కారు దగ్గర. ఎనిమిదేళ్ళు కారు తలుపు తీస్తే మొదట ఎక్కిన కుక్క, మూడో డోసుకు బయలుదేరుతుంటే మంచం కిందికి దూరి, ఒళ్ళంతా వణుకుతూ, ఎంత పిలిచినా రాలేదు. పోనూ రానూ నాలుగు వందల ముప్పై కిలోమీటర్లు. నేను ఆపేశాను.

"ఇంత ఖర్చు పెట్టి, కాలు కూడా తీయించి, నడిమధ్యలో ఇడుస్తావా?" అని మా అన్న కోప్పడ్డాడు. వాడి కోపం నాకు అర్థమైంది. చాలా కుక్కలు కీమోను సులువుగా తట్టుకుంటాయి, వెంట్రుకలు రాలడం, మంచాన పడటం లాంటివి మనుషుల్లో ఉన్నంతగా ఉండవు. ఆసుపత్రి దగ్గరలో ఉన్నవాళ్ళు, కుక్క తట్టుకుంటుంటే నాలుగూ పూర్తి చేయించాలి. కానీ కాలు తీయించినప్పుడు నేను అడిగిన ప్రశ్న ఎన్ని నెలలు అని కాదు, ఈ రోజు నొప్పి ఉందా లేదా అని. కీమో దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న మార్చేస్తే, మొదట అడిగింది అబద్ధమవుతుంది. నెలల లెక్క మాది. వాడికి ఈ పొద్దున ఉంది, ఈ రాత్రి ఉంది.

జులై దాకా ఉన్నాడు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో మొదటి పది రోజులూ, చివరి కొన్ని రోజులూ తప్ప వాడికి నొప్పి ఉన్నట్టు నాకు కనిపించలేదు, ఈసారి నేను అరుపు కోసం చూడలేదు కాబట్టి ఆ మాట ధైర్యంగా అనగలను. జూన్ చివర దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో గోళీల్లా మూడు మచ్చలు. అన్నం మానేసి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్న రెండో రోజున డాక్టరును ఇంటికి పిలిచాం. ఎవరికీ పట్టకుండా, దిక్కులేకుండా పోవడాన్ని మనవాళ్ళు కుక్క చావు అంటారు. కరియ గోనె సంచి మీద, మా ఆయన తొడ మీద తల పెట్టుకుని పోయాడు. మా నాయన తన చేలో చోటిచ్చాడు. గుంత ఆయనే తవ్వాడు, ఎవర్నీ పార పట్టుకోనివ్వలేదు.

మొన్న మా స్కూలు అటెండరు, వాళ్ళ కుక్క వారంగా వెనక కాలు ఎత్తుతోందని మాటల్లో అన్నాడు. ఇంకో నాలుగు రోజులు చూస్తామన్నాడు. నేను ఒప్పుకోలేదు, మధ్యాహ్నం పర్మిషన్ పెట్టించి నేనే వాళ్ళింటికి పోయి ఆటో ఎక్కించాను. ఆయనకు నా మీద కొంచెం విసుగు కూడా వచ్చినట్టుంది. డాక్టరు ముందు మోకాలు నొక్కి చూశాడు, వాపు లేదు. పాదం తిప్పి వేళ్ళ సందున టార్చి వేశాడు. లోపల సర్కారు తుమ్మ ముల్లు, చుట్టూ చీము పట్టి ఉంది. పట్టుకారుతో లాగితే గోరంత పొడవు వచ్చింది. సాయంత్రానికి నాలుగో కాలు కూడా నేల మీద పెట్టి నడుస్తోందని ఆయన ఫోన్ చేసి చెప్పాడు.